పిట్ట కోసం కాలువ దారి మార్చాలా?

కలివికోడిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. చూసినవారు బహు కొద్దిమంది.

కడప జిల్లా లంకమల కొండల దిగువన, ముళ్ళపొదల మధ్య తిరిగే పక్షి ఇది. పగలు దాగి ఉంటుంది. రాత్రివేళ పురుగులను ఏరుకు తింటుంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు స్థానికుల సాయంతో దీన్ని మళ్ళీ కనుగొన్నారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితోపాటు ఈ పిట్ట కూడా మొదటి షెడ్యూలులో ఉంది. దీన్ని చంపినవారికి 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష పడుతుంది. కాని, ఆలోచించండి. ఈ పిట్టను చంపడానికి తుపాకి అవసరమా? పొదలు నరికి నేల చదును చేస్తే చాలు, దానికి నిలువనీడ ఉండదు. అందుకే ప్రాణితోపాటు అది బతికే చోటును కూడా కాపాడే వీలు చట్టం కల్పించింది. ఆ ప్రకారమే 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

తరువాత 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదలవైపు వచ్చింది. పక్షిశాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. చివరకు కాలువ దారి మార్చారు.

"ఒక్క పిట్ట కోసం ఇంత హడావుడా? రైతుకు నీళ్ళు ముఖ్యం కాదా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రైతుకు నీళ్ళు కావలసిందే. కాని కాలువను కాస్త పక్కకు తిప్పగలం. పోయిన జాతిని తిరిగి పుట్టించలేం. చట్టం అభివృద్ధికి అడ్డుగోడ కాదు. తొందరపడి చేయబోయే పనిని ఒక్క క్షణం ఆపి, "మరో దారి ఉందేమో చూశారా?" అని అడిగే పెద్దమనిషి వంటిది. నోరులేని ప్రాణి తరఫున ఆ ప్రశ్న మరెవరు అడుగుతారు?

అయితే పుస్తకంలోని చట్టం తనంతట తాను నడిచి రాదు. తెలిసినవారు పట్టించుకుంటేనే అది పనిచేస్తుంది. అడవులను, వన్యప్రాణులను కాపాడటం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో మన రాజ్యాంగంలో చేర్చారు. పౌరులంటే పెద్దవాళ్ళే కాదు, మీరు కూడా! మీ ఊరి పక్కన ముళ్ళకంప తప్ప ఏమీ లేదనిపించే బీడు కనబడితే, అక్కడ ఏ ప్రాణి కాపురముంటున్నదో ఒకసారి పరికించి చూడండి.