అడవంతా ఉంది కదా, ఆటస్థలం ఎందుకు?

ఏజెన్సీ ఊళ్లో పిల్లలకు ఆటస్థలం కావాలని అడిగిన ప్రతిసారీ మాకు వచ్చే మొదటి జవాబు ఇదే. "మీకేమండీ, అడవంతా ఉంది కదా, ఎక్కడైనా ఆడుకుంటారు." నవ్వుతూ అంటారు, మెచ్చుకుంటున్నట్టే అంటారు. అదే అడవి అంచున మా కుర్రాళ్లు నాలుగు వెదురు గడలు పాతి వాలీబాల్ నెట్ కడితే మరో శాఖ మనిషి వచ్చి, ఇది రిజర్వు ఫారెస్టు, గడలు పీకెయ్యండి అంటాడు. అడిగినప్పుడు అడవి మాది, ఆడబోయినప్పుడు సర్కారుది. ఈ రెండు మాటల మధ్య మా పిల్లల ఆట నలిగిపోతోంది. అందుకే ఈ వ్యాసంలో ఒక్క సంగతే వాదిస్తున్నాం. ఊరి ఆటస్థలం, ఊరి పక్కన జనం సేదతీరే కొండ, జలపాతం, తోట ఎవరి అజమాయిషీలో ఉండాలి? ఆ ఊరి గ్రామసభ అజమాయిషీలో ఉండాలి. మరెవరి చేతిలోనూ కాదు.

కొండ ఊరిలో చదునైన నేల ఎంత తక్కువో మైదాన ప్రాంతం వాళ్లకు తెలియదు. పాడేరు కొండల్లో గాని, ఉట్నూరు వైపు గాని ఊరు చూడండి. పోడు ఏటవాలుగా ఉంటుంది. గెడ్డ పక్కన ఉన్న పల్లం మడులకే సరిపోదు. ఇక మిగిలేది ఊరి మధ్యలోనో బడి ముందో ఉన్న ఒక్క చదును జాగా. ఇటుకల పండక్కి థింసా ఆడేది అక్కడే. రాగులు, సామలు నూర్చేది అక్కడే. పెళ్లికి పొయ్యిలు పెట్టేది, పెద్దలు తగువు తీర్చేది అక్కడే. పొద్దు వాలాక పిల్లలు చేరేదీ అక్కడే. ఇన్ని పనులు చేసే ఆ జాగాకు రెవెన్యూ రికార్డులో మాత్రం పేరుండదు. పోరంబోకు అని రాస్తారు, లేదా అసలేమీ రాయరు.

రికార్డులో పేరు లేని జాగా అందరికీ ఖాళీ జాగాగానే కనిపిస్తుంది. సచివాలయం కట్టాలంటే అక్కడే. రైతు కేంద్రం అక్కడే. సెల్ టవరు, నీళ్ల ట్యాంకు, గోదాము అన్నీ అక్కడే. కారణం ఏమీ దాచినది కాదు. చదును చేసే ఖర్చు ఉండదు, లారీ నేరుగా వస్తుంది, బిల్లు తొందరగా అవుతుంది. భవనాలు వద్దని మేం అనడం లేదు. మందుల కోసం పది కిలోమీటర్లు నడిచినవాళ్లం, ఆసుపత్రి వద్దని ఎలా అంటాం? ఆ భవనం ఊరికి ఏ మూల కట్టాలో చెప్పే అధికారం ఎవరిదని అడుగుతున్నాం. మా మండలంలోనే ఒక ఊళ్లో రోడ్డు పని కోసం బడి ముందు జాగాలో కంకర, తారు డ్రమ్ములు దింపారు. పని అయిపోగానే తీసేస్తామన్నారు. పని ఆగిపోయింది, కంకర ఉండిపోయింది. రెండేళ్లు ఆ బడి పిల్లలు కంకర కుప్ప ఎక్కి దిగడమే ఆటగా పెరిగారు. అడగడానికి ఊరివాళ్లు ఆఫీసుకు వెళ్తే, జాగా మీదని కాగితం చూపించమన్నారు.

కాగితం సంగతే మాట్లాడదాం. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో పట్టణ పాలక సంస్థలకు ఇచ్చే 18 అంశాలున్నాయి. వాటిలో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని స్పష్టంగా రాసి ఉంది. పంచాయతీలకు ఇచ్చే 29 అంశాలు 11వ షెడ్యూల్లో ఉన్నాయి. అందులో గ్రంథాలయాలున్నాయి, సంతలున్నాయి, సాంస్కృతిక కార్యక్రమాలున్నాయి. ఆటస్థలం అన్న మాట లేదు. పట్నం పిల్లకు పార్కు సౌకర్యం, పల్లె పిల్లకు అది అక్కర్లేదు అనుకున్నారు కాబోలు. అడవంతా ఉంది కదా!

2006 అటవీ హక్కుల చట్టం చూడండి. సెక్షన్ 3(2) కింద ఊరి అవసరాల కోసం అటవీ భూమిని ఒక్కోదానికి హెక్టారు లోపు ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అలాంటి సౌకర్యాలు 13 లెక్కపెట్టి రాశారు. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, కరెంటు, ఫోను లైన్లు, చెరువు, మంచినీళ్లు, రోడ్డు, కమ్యూనిటీ సెంటరు, ఇలా సాగుతుంది జాబితా. ఆటస్థలం లేదు. అంటే బడి కట్టడానికి అడవి భూమి దొరుకుతుంది, ఆ బడి పిల్లలు ఆడటానికి ఆటస్థలం పేరుతో దొరకదు. మరోవైపు 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం ఒకటి. ఒక చట్టం ఉండాలంటుంది, ఇంకో చట్టం దాన్ని జాబితాలో వదిలేస్తుంది. మధ్యలో తనిఖీకి వచ్చిన అధికారి 'ఆటస్థలం: లేదు' అని కాగితం మీద టిక్కు పెట్టి వెళ్లిపోతాడు.

అయినా మన చేతిలో ఏమీ లేదని కాదు. 1996లో వచ్చిన పెసా చట్టం మన చేతిలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఊరంటే మండలాఫీసు గీసిన గీత కాదని, తన ఆచారాల ప్రకారం తన పనులు నడుపుకునే గూడెం కూడా ఊరేనని ఆ చట్టం చెప్పింది. సెక్షన్ 4(డి) ప్రకారం ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఊరి ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉంది. 4(ఇ) ప్రకారం ఏ పథకమైనా, ఏ పనైనా పంచాయతీ మొదలుపెట్టే ముందే గ్రామసభ ఆమోదం తీసుకోవాలి. 4(ఎఫ్) ప్రకారం ఖర్చయిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం గ్రామసభే ఇవ్వాలి. థింసా ఆడే జాగా, పిల్లలు ఆడే జాగా ఉమ్మడి వనరు కాకపోతే మరేది ఉమ్మడి వనరు? ఉమ్మడి రాష్ట్రంలో పెసా నిబంధనలు రావడానికే 2011 దాకా పట్టింది. వచ్చాక కూడా చాలా ఊళ్లలో జరిగేది ఏమిటి? తీర్మానం ముందే రాసుకొస్తారు. సంతరోజు చూసి సంతకాలు, వేలిముద్రలు పట్టుకుపోతారు. గ్రామసభ జరిగినట్టు ఊరికే తెలియదు.

పైనుంచి వచ్చిన పథకాలు కూడా చూశాం. తెలంగాణలో 2022లో ప్రతి ఊరికీ క్రీడా ప్రాంగణం అన్నారు. ఆలోచన మంచిదే. కానీ చాలాచోట్ల ముందు బోర్డు వచ్చింది, రెండు ఇనుప కడ్డీలు వచ్చాయి, నేల మాత్రం రాళ్లతోనే ఉంది. ఊరికి దూరంగా, పిల్లలు వెళ్లని చోట జాగా చూపించి లెక్క పూర్తి చేసినవీ ఉన్నాయి. ఆంధ్రలో 2023 డిసెంబరులో 'ఆడుదాం ఆంధ్ర' అంటూ పోటీలు మొదలుపెట్టారు. బ్యాట్లు, బంతులు, నెట్లు పంచారు. పోటీలు అయిపోయాయి. మరుసటి ఏడు ఆ నెట్టు ఎక్కడ కట్టాలన్న ప్రశ్న మా ఊళ్లలో అలాగే ఉంది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, బోర్డు రంగు మారుతుంది. ఊరి జాగా ఊరి పేరున, ఊరి అజమాయిషీలో ఉంటే ఏ బోర్డు మారినా ఆట ఆగదు.

ఇక పర్యాటకం. వంజంగి మేఘాల కొండ, లంబసింగి చలి, బొగత, కుంటాల జలపాతాలు ఇప్పుడు అందరికీ సెలవురోజు వేడుకలు. రండి, చూడండి. అతిథిని వద్దనే అలవాటు మా ఇళ్లలో లేదు. కానీ తెల్లారేసరికి గెడ్డలో సీసా పెంకులు, దారిపొడవునా ప్లాస్టిక్ పళ్లేలు, పంట చేను అంచున కార్లు. ఊరి ఆటస్థలం పార్కింగు స్థలం అవుతుంది. టికెట్టు ఎవరు పెట్టారు, ఎంత వసూలైంది, ఎక్కడికి పోయింది అని ఊరికి లెక్క చెప్పేవాళ్లు ఎంతమంది? చెత్త ఎత్తేది మాత్రం ఆ ఊరి ఆడవాళ్లే.

మారేడుమిల్లి వైపు అటవీశాఖ వన సంరక్షణ సమితులతో పర్యాటక శిబిరాలు నడిపించింది. కొందరికి పని దొరికింది, కాదనం. కానీ ఆ సమితి అటవీశాఖ చెప్పిన పరిధిలో నడిచేది. గ్రామసభ అలా కాదు, దానికి చట్టమే అధికారం ఇచ్చింది. కూలి దొరకడం ఒకటి, నిర్ణయం చేతిలో ఉండటం ఒకటి. కూలి చూపించి నిర్ణయం మరిచిపొమ్మంటే ఒప్పుకోం. సమత కేసులో 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ నేల మీదనుంచే, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద పుట్టింది. 1/70 భూబదలాయింపు నిషేధంలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు గనులకోసం లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. గనికి పనికిరాని లీజు రిసార్టుకు ఎలా పనికొస్తుంది? కొండ తవ్వితే తప్పు, కొండకు కంచె వేసి టికెట్టు అమ్మితే అభివృద్ధి అంటే ఆ తీర్పు స్ఫూర్తి ఎక్కడ మిగిలింది?

గ్రామసభకు ఇవన్నీ చూసుకునే తెలివి ఉందా అని కొందరు అడుగుతారు. చదువు తక్కువ, తగువులు ఎక్కువ అంటారు. 2013లో నియమగిరి మీద నిర్ణయం సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12 సభలూ గని వద్దన్నాయి. ఒక పెద్ద కంపెనీ, ఒక రాష్ట్ర ప్రభుత్వం ఎదురుగా ఉన్నప్పుడే తేల్చి చెప్పగలిగిన డోంగ్రియా కోందుల సభ ముందు వాలీబాల్ కోర్టు ఎంత? గెడ్డ నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు పోవాలో, వేట పంచితే ఎవరి వాటా ఎంతో ఏ ఇంజనీరూ లేకుండా తేల్చుకున్న ఊళ్లు ఇవి. సాయంత్రం ఎవరు ఎప్పుడు ఆడాలో తేల్చుకోలేవా?

ముందు తిండి, తర్వాత ఆట అనేవాళ్లూ ఉన్నారు. తిండికీ ఆటకీ పోటీ పెట్టింది మేం కాదు. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఆయనే తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతయ్యాడు. ఆయన ఆటనూ హక్కునూ వేరు చెయ్యలేదు. దిలీప్ తిర్కీ పుట్టిన ఒడిశా సుందర్‌గఢ్‌లో హాకీ ఊరి మట్టి మీదే పెరిగింది, ఊరూరా ఆడేచోటు ఉంది కాబట్టే పెరిగింది. మా పిల్లల కాళ్లలో సత్తువ ఉందని ప్రసంగాల్లో పొగుడుతారు. ఆ కాళ్లు పరిగెత్తే నేల మాత్రం ఇవ్వరు. అయినా పతకం తెస్తేనే ఆడే హక్కు అంటే నూటికి ఒక్క పిల్లకు హక్కు ఉంటుంది. మిగిలిన తొంభై తొమ్మిది మందీ ఊరికే ఆడుకోవాలి. పిల్లలకు అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఒక మాట మనలో మనకు. ఊరి అజమాయిషీ అంటే ఊరి మగ కుర్రాళ్ల అజమాయిషీ కాదు. ఆదివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా క్రికెట్టు జట్టు ఒక్కటే జాగా పట్టుకుంటే, ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తుంటే అది ఊరి ఆటస్థలం కాదు. థింసాలో చేతులు పట్టుకుని ఆడా మగా ఒకే వరసలో కదిలిన వాళ్లం. మైదానంలో ఆ వరస ఎందుకు తెగాలి? అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు మహిళలు ఉండాలని నిబంధన ఉంది. ఆటస్థలం కమిటీలో సగం మంది ఉండాలి, ఆడపిల్లలకు కేటాయించిన వేళ సభ పుస్తకంలో రాయాలి. పండగకు, నూర్పుకు జాగా ఎన్ని రోజులు కావాలో అదే పుస్తకంలో పెద్దలు చెప్పాలి. మందు సీసా జాగాలోకి రాకూడదన్న మాట కూడా అందులోనే ఉండాలి.

ఇప్పుడు మనం చెయ్యగలిగినవి చెబుతాం. ప్రతి గూడెం తన జాగాను కొలవాలి. నాలుగు హద్దులు చెప్పి గ్రామసభ తీర్మానంగా రాయాలి. నకలు తహసీల్దారుకు, ఐటీడీఏకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. జాగా అటవీ భూమిలో ఉంటే, తరతరాలుగా వాడుకుంటున్న సంప్రదాయ హక్కుగా 3(1) కింద సామూహిక క్లెయిము వెయ్యాలి. పండగ ఎక్కడ జరిగిందో చెప్పే పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఎవరైనా ఆక్రమించి ఉంటే, ఊరి ఉమ్మడి భూములు ఊరికే తిరిగి ఇప్పించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పిన మాట ఎత్తిచూపాలి. జాగా చదును చెయ్యడానికి డబ్బు లేదంటే నమ్మకండి. 2005 ఉపాధి హామీ చట్టం అనుమతించిన పనుల్లోనే ఆటస్థలం నిర్మాణం ఉండేది. అంటే ఇది ఊరివాళ్లు కూలి తీసుకుని చేసుకోదగ్గ పనేనని ప్రభుత్వమే ఒప్పుకుంది.

ప్రభుత్వాన్ని అడిగేవి నాలుగే. సభ జాగాలో కూర్చుని ఒప్పుకోకుండా ఆ జాగాలో ఒక్క ఇటుక పెట్టకూడదు. పర్యాటక స్థలంలో వసూలయ్యే రుసుము గ్రామసభ ఖాతాలో పడాలి, ఏటా సభలో లెక్క చదవాలి. అటవీ హక్కుల చట్టం 3(2) జాబితాలో ఆటస్థలాన్ని చేర్చాలి. షెడ్యూలు బయట ఉండిపోయిన ఆదివాసీ ఊళ్లకు కూడా ఈ రక్షణ ఇవ్వాలి. పెసా లేదన్న సాకుతో ఆ పిల్లల జాగా పోకూడదు.

జల్, జంగల్, జమీన్ అని పిడికిలి ఎత్తేటప్పుడు ఆ జమీన్‌లో పోడు ఒక్కటే లేదు. మన పిల్లలు పరిగెత్తే అరెకరం కూడా ఉంది. వచ్చే వేసవికి ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లలు ఇళ్లకు తిరిగొస్తారు. వాళ్లు వచ్చేలోపు మీ ఊరి సభ ఒక్కసారి కూర్చోవాలి, టేపు పట్టుకుని ఆ జాగా కొలవాలి, పుస్తకంలో రాయాలి. ఆఫీసువాళ్లు కాగితం అడిగినప్పుడు ఆ పుస్తకం తెరిచి చూపించండి.