రామ్నీ తప్పు అది కాదు

మిట్ రామ్నీ అసలు కన్జర్వేటివే కాడని వాదించేవాళ్లు చూపించే రుజువు ఒకే ఒక్క సంతకం. మసాచుసెట్స్ గవర్నరుగా 2006 ఏప్రిల్ 12న, బోస్టన్ ఫాన్యుయల్ హాల్లో, డెమోక్రాట్ దిగ్గజం టెడ్ కెనడీ సమక్షంలో పెట్టినది. రాష్ట్రంలో పెద్దలందరూ ఆరోగ్య బీమా తీసుకోవాలి, స్తోమత ఉండీ తీసుకోకపోతే పన్నులో జరిమానా కట్టాలి అంటుంది ఆ చట్టం. ఇది వామపక్షం సరుకనీ, రామ్నీ దాన్ని దొడ్డిదారిన రిపబ్లికన్ పార్టీలోకి తెచ్చాడనీ అభియోగం.

సరుకు ఎవరి కొట్టులోదో కాస్త చూద్దాం. ప్రతి కుటుంబమూ బీమా తీసుకునేలా చట్టం చేయాలని 1989లోనే రాసినవాడు హెరిటేజ్ ఫౌండేషన్‌కు చెందిన స్టువర్ట్ బట్లర్. రీగన్ కాలంలో రిపబ్లికన్లకు విధానాలు తయారుచేసి ఇచ్చిన సంస్థ అది. 1993లో క్లింటన్ ఆరోగ్య పథకానికి పోటీగా సెనెటర్ జాన్ చేఫీ తెచ్చిన బిల్లులోనూ ఇదే నిబంధన ఉంది. దాన్ని బలపరిచినవాళ్లలో బాబ్ డోల్ ఒకడు. మూడేళ్లకు అదే డోల్‌ను పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టింది. అప్పుడెవరికీ ఆయనలో సోషలిస్టు కనిపించలేదు మరి!

వెనకున్న తర్కం కూడా కుడిపక్షానిదే. అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని, డబ్బు లేదని ఆస్పత్రి తిప్పి పంపకూడదన్న 1986 చట్టం మీద సంతకం చేసింది సాక్షాత్తూ రీగన్. మంచి జీతం ఉండీ బీమా దండగ అనుకున్న పాతికేళ్ల కుర్రాడు బైకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే వైద్యం ఆగదు. అతను ఎగ్గొట్టిన బిల్లు మాత్రం ఇతరుల ప్రీమియంలోకో, సర్కారు ఖజానా మీదికో పోతుంది. నీ ఖర్చు నువ్వే భరించు అనడం కన్జర్వేటివ్ మాట కాకపోతే మరెవరి మాట? పైగా ఉద్యోగులకు బీమా ఇవ్వని యజమానుల మీద తలకు 295 డాలర్ల రుసుమును రామ్నీ వీటో చేశాడు. డెమోక్రాట్ల చేతిలో ఉన్న శాసనసభ ఆ వీటోను తోసిపుచ్చింది.

పౌరుణ్ణి ఏదైనా కొనమని సర్కారు బలవంతపెట్టడమే తప్పనేవాళ్లు ఉన్నారు. కేటో ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మొదటినుంచీ అదే మాట మీద ఉన్నారు, వాళ్లకు నిలదీసే హక్కుంది. రిపబ్లికన్ నాయకుడు రిక్ శాంటోరమ్‌కు ఎక్కడిది? చట్టం వచ్చిన రెండేళ్లకు, 2008 అధ్యక్ష అభ్యర్థిత్వ పోటీలో, మెకెయిన్ కన్నా రామ్నీయే నికార్సయిన కన్జర్వేటివ్ అని మద్దతిచ్చినవాడాయన. 2012 పోటీలో అదే చట్టాన్ని పట్టుకుని రామ్నీని చెండాడాడు. మధ్యలో చట్టంలో కొత్తగా చేరిన పాపమేమీ లేదు. ఒబామా దాన్ని నమూనాగా తీసుకుని 2010లో దేశమంతటికీ చట్టం తెచ్చాడు, అంతే.

రామ్నీని తప్పుపట్టాల్సింది ఇక్కడే. రాష్ట్రానికి తగినది దేశానికి తగదని 2011 మే నెలలో ఆన్ ఆర్బర్ ప్రసంగంలో ఆయన వాదించాడు. వాదన ఉత్తదేం కాదు. రాష్ట్రాలకున్న ఈ అధికారం కేంద్రానికి రాజ్యాంగంలోని వాణిజ్య నిబంధన కింద లేదని 2012 సుప్రీంకోర్టు తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ కూడా అన్నాడు. జరిమానాను పన్నుగా భావించి మాత్రమే ఒబామా చట్టాన్ని నిలబెట్టాడు. కానీ 2009 జూలైలో యూఎస్ఏ టుడేలో ఒబామాకు సలహా ఇస్తూ, మసాచుసెట్స్ తరహా పన్ను జరిమానాను ఒక దారిగా చూపించింది రామ్నీయే. దేశానికంతటికీ ఇది సాధ్యమేనన్న వాక్యం ఆయన పుస్తకం తొలి ముద్రణలో ఉండి, పేపర్‌బ్యాక్‌లో మాయమైంది. సొంత పార్టీ ఆలోచనను సొంత పార్టీ ముందు సమర్థించుకునే ధైర్యం లేకపోయింది ఆయనకు.

2017 నాటి పన్ను చట్టంతో కేంద్ర జరిమానా 2019 నుంచి సున్నా అయింది. మసాచుసెట్స్‌లో మాత్రం నిబంధన అలాగే ఉంది. బోస్టన్ చుట్టుపక్కల మన ఐటీ కుటుంబాలు కూడా ఏటా రాష్ట్ర పన్ను రిటర్నుతో పాటు షెడ్యూల్ హెచ్‌సీ అనే ఫారం నింపి, ఏ నెలలో బీమా ఉందో చూపాల్సిందే. ఆ నిబంధన అలా సాగుతుండగా 2015 నుంచి ఎనిమిదేళ్లు అక్కడ గవర్నరుగా ఉన్న చార్లీ బేకర్ కూడా రిపబ్లికనే.