సరుగుడు తోట కర్బన నిధి కాదు

సరుగుడు నాటితే ఆ మేరకు గాలిలో కర్బనం తగ్గినట్టేననే నమ్మకం తీరమంతా పాతుకుపోయింది. త్వరగా పెరిగే చెట్టు కర్బనాన్ని త్వరగా పీలుస్తుందన్నది నిజమే. పీల్చింది ఎన్నేళ్లు నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న. ఈ నమ్మకం దాన్ని పట్టించుకోదు.

ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కర్బనం. సెల్యులోజ్‌లో అది 44 శాతం, లిగ్నిన్‌లో 60 శాతం పైమాటే. చిలకలపూడి, మంగినపూడి వైపు ఇసుక నేలల్లో పెంచే సరుగుడు నాలుగైదేళ్లకే కోతకొస్తుంది. సన్న గుంజలు పందిళ్లకూ సెంట్రింగుకూ పోతాయి, కొమ్మారెమ్మా పొయ్యిలోకి పోతుంది, లావు కర్ర బెరడు ఒలిపించుకుని పేపరు మిల్లుకు చేరుతుంది. అక్కడ చెక్కముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో ఉడికిస్తే గుజ్జుగా మిగిలేది సుమారు సగం బరువే. కర్బనం దండిగా ఉన్న లిగ్నిన్ నల్లద్రవంలో కరిగి బాయిలర్‌లో మండిపోతుంది. ఆ మంట బొగ్గును ఆదా చేస్తుంది, అది మేలే. అయితే ఆదా అయిన బొగ్గు వేరు, దాచిన కర్బనం వేరు. రెంటినీ ఒకే పద్దులో రాయడం తప్పు. కాగితమూ ఎక్కువకాలం నిలిచేది కాదు.

కోతనాటి బరువునే తోట నిల్వగా చూపడం మరో పొరపాటు. నాటిన నాటినుంచి సగటు తీస్తే అందులో సగమైనా రాదు. గాలి ఆడే ఇసుకనేల కూడా రాలిన ఆకును ఎంతోకాలం దాచలేదు.

సరుగుడుకు వేరే విలువ ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు గాలిని అడ్డుకునే చెట్ల వరస ఎంత అవసరమో ఎవరూ చెప్పనక్కర్లేదు. వేళ్ల బుడిపెల్లోని ఫ్రాంకియా సూక్ష్మజీవి నత్రజనిని పట్టి ఇసుకలోనూ చెట్టును బతికిస్తుంది, రైతు చేతికి డబ్బు వస్తుంది. తోటలు వేయడానికి ఇవి చాలు. కర్బనం పేరు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

కర్బనం నిజంగా నిలిచే చోటు నాగాయలంక, కోడూరు అంచున ఉన్న మడ అడవి. అందులో కొంత 1989లో కృష్ణా అభయారణ్యమైంది. తెల్లమడ సరుగుడంత ఏపుగా పెరగదు. కానీ ఆటుపోట్లకు నానే బురదలో ప్రాణవాయువు అందక వేళ్లూ ఆకులూ కుళ్లడం బాగా మందగిస్తుంది. కర్బనం పొరలుపొరలుగా పేరుకుంటుంది. అక్కడ రొయ్యల చెరువు తవ్వితే బురదకు గాలి తగిలి, వందల ఏళ్ల నిల్వ బొగ్గుపులుసు వాయువుగా లేచిపోతుంది. దానికి బదులుగా ఇసుకమీద అంతే విస్తీర్ణంలో సరుగుడు వేసి లెక్క సరిపోయిందనడం కుదరదు. తోట నిల్వను లెక్కగట్టేవారు కోతల మధ్య గడువునూ, కర్ర చేరిన చోటునూ, నేలలోని కర్బనాన్నీ కూడా పద్దులో చూపాలి. మడ నేలను బంజరుగా రాసే ఏ లెక్కనూ అంగీకరించకూడదు.