గోముఖ వ్యాఘ్రాలంటే అందుకే పిచ్చి!

రోడ్డు మీద లంబోర్గిని వెళ్తే అందరూ తలతిప్పి చూస్తారు. మెర్సిడెస్ 500ఈ వెళ్తే మాత్రం ఏ ఒక్కడో ఆగి చూస్తాడు. వాడే అసలైన కార్ల పిచ్చోడు!

చూడ్డానికి అందులో ఏముందని? పెట్టెలాంటి బాడీ, నాలుగు తలుపులు. దాని మూల రూపమైన డబ్ల్యూ124 మోడల్ 1990ల్లో జర్మనీలో ట్యాక్సీగా తిరిగేది. మన అంబాసిడర్‌లా అన్నమాట. కానీ 500ఈ బానెట్ లేపితే 5 లీటర్ల వీ8 ఇంజిన్, 326 హార్స్‌పవర్! 1990లో పారిస్ మోటార్ షోలో దీన్ని చూపించారు. ఇంకో విశేషం ఏంటంటే, దీని తయారీలో పోర్షే చెయ్యి ఉంది. వెడల్పాటి మడ్‌గార్డులున్న ఈ బాడీ బెంజ్ అసెంబ్లీ లైనులో పట్టలేదు. అప్పట్లో అమ్మకాలు పడిపోయి పోర్షేకి పని కావాలి. దాంతో స్టట్‌గార్ట్ దగ్గరున్న ఈ రెండు కంపెనీల ఫ్యాక్టరీల మధ్య బాడీ అటూ ఇటూ తిరిగేది. ఒక్కో కారుకి 18 రోజులు పట్టేది. 1995లో ఆపేసేదాకా చేసినవి 10,479 మాత్రమే.

బీఎండబ్ల్యూ కూడా ఇదే ఆట ఆడింది. ఎం1 అనే తన సూపర్ కారు ఇంజిన్‌ని కాస్త మార్చి, 1985లో మామూలు 5 సిరీస్‌లో పెట్టేసింది. అదే మొదటి ఎం5. పవర్ 286. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆఫీసుకెళ్లే కారు, ఆటోబాన్ ఎక్కితే స్పోర్ట్స్ కార్లని దాటేసేది.

మన దగ్గర ఎవర్నయినా 'గోముఖ వ్యాఘ్రం' అంటే తిట్టినట్టే. జర్మన్లు ఇలాంటి కారుని 'గొర్రె తోలు కప్పుకున్న తోడేలు' అంటారు. అది మాత్రం పక్కా పొగడ్త!

ఇప్పటి ఎం5 సంగతేంటి అంటారా? 2024లో వచ్చిన హైబ్రిడ్ ఎం5కి 727 హార్స్‌పవర్ ఉంది. బరువేమో 2,400 కిలోల పైమాటే. మొదటి ఎం5 కంటే దాదాపు టన్ను ఎక్కువ! స్పీడులో పాతది దీనికి ఆమడ దూరంలో ఉంటుంది. అయినా అభిమానుల మనసు పాతదాని మీదే. గేరు చేత్తో వేయాలి, మలుపులో కారేం చేస్తోందో స్టీరింగ్ చెప్పాలి. ఆ కబుర్లు ఏ స్క్రీనూ చెప్పదు మరి.

అయితే, ఏనుగుని కొన్నంత తేలిక కాదు మేపడం. 1990ల మొదట్లో వచ్చిన చాలా బెంజ్‌లలో ఇంజిన్ వైర్ల పైతొడుగు వేడికి పెళుసెక్కి రాలిపోతుంది. మొత్తం వైరింగే మార్చాలి. తుప్పు సంగతి సరేసరి. అందుకే చవగ్గా దొరికిన పాత బెంజే చివరికి ఖరీదైన బెంజ్ అవుతుంది. ఇన్ని తెలిసీ ఆదివారం పూట చేతులు మసి చేసుకునేవాళ్లున్నారంటే, అది ప్రేమ కాక ఇంకేంటి?

ఆ ప్రేమకి జర్మనీలో ప్రభుత్వం అండ కూడా ఉంది. 30 ఏళ్లు దాటి, ఒరిజినల్‌గా, మంచి కండిషన్‌లో ఉందని తనిఖీలో తేలితే నంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తారు. హెచ్ అంటే చారిత్రకం అని. ఇంజిన్ ఎంత పెద్దదైనా పన్ను ఒక్కటే. మన దగ్గర 'వింటేజ్' గుర్తింపు రావాలంటే 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటాలి. మెర్సిడెస్ ఇండియాలో మొదట తయారు చేసింది ఈ డబ్ల్యూ124నే. 1995లో, పుణెలో. అంటే ఆ కార్లకి ఇంకా చాలా ఏళ్లు ఆ గౌరవం దక్కదు. 15 ఏళ్లయ్యాక ప్రతి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ ఉండాల్సిందే. విసుగొచ్చిన ఓనరు తుక్కుకి వేసేస్తే ఆ కారు కథ అంతే.

50 ఏళ్లు నిండేదాకా ఆ కారుని ఎవరో ఒకరు బతికించి ఉంచాలి కదా! చక్కగా చూసుకున్న 30 ఏళ్ల బండికి ఇక్కడా ఓ 'హెచ్' లాంటిది ఇస్తే పోయేదేముంది? మీ వీధిలో అలాంటి పాత బెంజ్ ఉంటే, ఈసారి ఆగి చూడండి. దాని వెనక ఓ పిచ్చోడి ఆదివారాలు బోలెడుంటాయి.