తోడు దొరికిన చోటు

ఊరంతటికీ చూపులేని పిల్ల ఒక్కతే అయితే, ఆ కష్టం తన ఒక్కదానిదే అనుకుంటుంది. ఇంట్లో ప్రేమకు కొదవ లేకపోయినా, తనలాగే ఉంటూ చదివి, ఉద్యోగం చేస్తున్న మనిషి ఎదురుపడడం అరుదు. ఆ లోటును ఇంటర్నెట్ కొంత తీర్చింది.

తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌ను 2006లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కరన్. వీడియో కాల్ వచ్చాక బధిరులు దూరాన ఉన్న స్నేహితులతోనూ తమ సంజ్ఞా భాషలోనే మాట్లాడుకుంటున్నారు. 1990లలో ఆన్‌లైన్‌లో కలుసుకున్న ఆటిజం ఉన్నవారు, తమ మెదడు తీరు కూడా మానవ వైవిధ్యంలో భాగమేనని ధైర్యంగా చెప్పుకున్నారు. ‘న్యూరోడైవర్సిటీ’ భావన అలాంటి చర్చల మధ్యే పెరిగింది.

మన దేశంలో వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా స్క్రీన్ రీడర్‌కు అందని యాప్‌లు, క్యాప్షన్లు లేని వీడియోలు ఇంకా ఎన్నో. సొంత ఫోన్ లేని ఆడపిల్లలకైతే ఇంటర్నెట్ దగ్గరికి చేరడమే కష్టం.

ఈ సంచికలో వికలాంగులు తమ మాట తామే రాశారు. జాలి పక్కనపెట్టి చదవండి. మీరు పెట్టే ప్రతి ఫొటోకు రెండు వాక్యాల వివరణ, ప్రతి వీడియోకు క్యాప్షన్ జోడించడం ఈరోజే మొదలుపెట్టండి.

— సంపాదకుడు