భీముకు అక్షరాలు ఎవరిచ్చిన్రు?



మొన్న హాస్టల్ టీవీలో 'ఆర్ఆర్ఆర్' చూసినం గదా. లారీలో నుంచి పులులు దుంకి తెల్లదొరల మీద పడ్డప్పుడు హాలంతా చప్పట్లే. నేను కూడా మస్తు కొట్టిన.

అది కథ. కల్పితమని ముందే వేస్తారు. అల్లూరి సీతారామరాజు మన్యంలో పోరాడింది 1922 నుంచి 1924 దాకా. కొమురం భీం జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు చనిపోయింది 1940లో. వాళ్లిద్దరిని రాజమౌళి గారు 2022లో సినిమాలో కలిపిన్రు. కలపడం తప్పని నేను అనను. మా అవ్వ చెప్పే కథల్లో కూడా రాక్షసుడు పిల్లను ఎత్తుకపోతడు, ఒక మొగోడు ఏడు సముద్రాలు దాటి పోయి తెస్తడు. ఇక్కడ దొరసాని మల్లిని ఎత్తుకపోయింది, భీం ఢిల్లీ పోయిండు. అంతే తేడా.

మొదట్లో దొరసాని పడేసిన బిళ్లలు పాటకు ఇచ్చిన బహుమానం అనుకుంటది మల్లి తల్లి. అవి పిల్లకు కట్టిన ధర! భాష తెలియకపోతే ఎంత మోసమో ఆ ఒక్క సీనులో ఉన్నది. మా నాయిన కూడా ఏం రాసుందో తెలియని కాగితాల మీద వేలిముద్ర వేసినోడే. అందుకే ఆ సీను నాకు కథ లెక్క అనిపించలేదు.

కాని రాక్షసుడు ఎవరు? అసలు భీం కొట్లాడింది నిజాం సర్కారుతోని, అడవి జవాన్లతోని. పోడు చేసుకోనియ్యలేదు, పశువులు మేస్తే పన్ను అడిగిన్రు. జల్, జంగల్, జమీన్ అన్నది అందుకే. సినిమాలో నిజాం తరఫు మనుషులు ఒకరిద్దరు కనిపిస్తరు గాని రాక్షసుడు మాత్రం తెల్లదొరే. తెల్లదొర అయితే చూసేటోళ్లు అందరికీ శత్రువే, ఎవరికీ ఇబ్బంది లేదు. పోడు భూమికి పట్టా అడిగితే "రేపు రా" అనేటోళ్లు కూడా ఆ సినిమా చూసి హాయిగా చప్పట్లు కొట్టొచ్చు.

ఇంకొకటి, నాకు మనసులో గుచ్చుకున్నది. ఆఖరున ఏం కావాలని రామ్ అడిగితే భీం చదువు కావాలంటడు. రామ్ జెండా మీద అక్షరాలు రాస్తడు. సినిమా అయినంక ఒకామె నాతోని, "మీ భీముకే సదువు రాదట గదా" అన్నది. నవ్వుకుంటనే అన్నది, పాపం.

గోదావరి అవతల మా దిక్కు పెద్దలు చెప్పేది వేరే. భీం ఊరు విడిచి చాందా పోయిండు, అక్కడ అచ్చు ప్రెస్సులో పని చేసుకుంట చదవడం, రాయడం నేర్చుకున్నడు, తర్వాత అస్సాం టీ తోటలకు పోయిండు అంటరు. అంటే ఎవరూ దానం చెయ్యలేదు, కూలి చేసుకుంట నేర్చుకున్నడు. ఆయన చనిపోయిన తర్వాత నిజాం సర్కారు మా గోండుల సంగతి తెలుసుకోమని హైమన్‌డార్ఫ్ అనే ఆయనను పంపింది. 1940లలోనే మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ బడి పెట్టిన్రు, గోండీలో వాచకాలు వచ్చినయి. ఇంట్లో మొదటిసారి బడికొచ్చిన మనకు ఈ ముచ్చట ఏ సినిమా చెప్తది?

భీం మీద ఇంకో సినిమా ఉన్నది. అల్లాణి శ్రీధర్ గారు 1990లో తీసిన్రు, నంది అవార్డులు కూడా వచ్చినయి. థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది. ఇరవై ఏండ్లు! పులులున్న కథ మాత్రం ఆస్కార్ దాకా పోయింది.

మేడం గారూ, ఆశ్వయుజ పౌర్ణమికి భీం వర్ధంతి వస్తది. ఆ రోజు ఆ పాత సినిమా వేయించండి. కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన చెల్లెళ్లు కూడా చూస్తరు. ఫైట్లు తక్కువుంటే వాళ్లు నిద్రపోతరేమో, నేను లేపుత.

– తొమ్మిదో తరగతి