ప్రయోగశాలలో మొదటి ప్రయోగం

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. నాటికి ఆయన సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పుపట్టి ఉన్నాయి. మిగిలిన ఒక్క అక్షికటకమూ పగిలి ఉంది. అయినా ఆయన చూడగలిగాడు. ఆయన కంటికీ పరికరానికీ నడుమ మరొక యంత్రం లేదు.

బేగంపేటకు కొద్ది మైళ్ల దూరంలో, అల్వాల్‌లోని మా కళాశాల జీవశాస్త్ర ప్రయోగశాలలో ఒక సూక్ష్మదర్శిని రెండేళ్లపాటు గుడ్డ కప్పుకొని మూలన కూర్చుంది. దానికి తుప్పు లేదు, పగులు లేదు. దాని కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్ ఉన్న పాత కంప్యూటరు పాడైంది; కొత్తదానిలో ఆ సాఫ్ట్‌వేరును ఎక్కించడం ఎవరికీ చేతకాలేదు. మొదట ఎక్కించిన ఉద్యోగి బదిలీపై వెళ్లాడు. తానేమి చేశాడో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వారు. చదివేవారు కరవై అటకెక్కిన తాళపత్రాలతో పాతికేళ్లు గడిపినవాణ్ణి కాబట్టి, ఆ గుడ్డ కప్పిన యంత్రం నాకు పరాయిదిగా తోచలేదు.

పరికరం భాష వేరు, కంప్యూటరు భాష వేరు. రెంటికీ నడుమ దుబాసీగా పనిచేసే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. 1975లో ఐ.ఇ.ఇ.ఇ. 488 అనే ఉమ్మడి ప్రమాణం వెలువడిన తరువాత, వేర్వేరు తయారీదారుల పరికరాలను ఒకే తీరు తీగతో కంప్యూటరుకు కలపడం సులువైంది. కాని దుబాసీ అవసరం తీరలేదు. 32 బిట్ల విండోస్ కొరకు రాసిన డ్రైవర్ 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు. మా సూక్ష్మదర్శినికి పట్టిన జబ్బు అదే.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం సిబ్బంది పని, విద్యార్థి ప్రయోగం చేస్తే చాలునని పెద్దలు పలువురు అంటారు. ఈ మాటను నేను అంగీకరించను. తెరపై కనిపించే కొలత ఎక్కడినుండి వచ్చిందో ఎరుగని విద్యార్థి, ఆ కొలతను నమ్మడమే గాని పరీక్షించలేడు. సూక్ష్మదర్శిని సాఫ్ట్‌వేరుకు, చిత్రంలోని ఒక్కొక్క చుక్క ఎన్ని మైక్రాన్లకు సమానమో ముందుగా మనమే చెప్పాలి. పది రెట్ల వస్తుకటకానికి చెప్పిన లెక్కను అలాగే ఉంచి నలభై రెట్ల కటకంతో చూస్తే, పది మైక్రాన్ల కణం నలభై మైక్రాన్లుగా నమోదవుతుంది. తప్పు అంకె కూడా ఒప్పు అంకె వలెనే అందంగా ముద్రితమవుతుంది! దాన్ని పట్టుకోగలవాడు, ఆ లెక్కను తన చేతితో అమర్చినవాడే.

డబ్బు లేదన్న సాకు కూడా పూర్తిగా నిలవదు. సూక్ష్మదర్శినులను నడిపే మైక్రో-మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి రాతను చదవవచ్చు. మన దేశంలోనే, న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ విద్యార్థుల కొరకు ఎక్స్‌పైస్ అనే చిన్న పరికరాన్ని రూపొందించింది. దాని సాఫ్ట్‌వేరూ ఉచితమే. అయితే వీటి సూచనలు మా పిల్లలకు అందేది ఎక్కువగా ఇంగ్లీషులోనే. అర్థం కాకున్నా "నెక్స్ట్" మీట నొక్కుతూ పోవడమే మన పిల్లలకు అలవాటైంది. ఇందుకు వారిని తప్పుపట్టను. తెలుగులో రాసిపెట్టని మావంటివారిదే ఆ దోషం.

నిరుడు బై.పి.సి. రెండవ సంవత్సరం విద్యార్థినులు ఇద్దరు మూడు మధ్యాహ్నాలు ఆ సూక్ష్మదర్శినితో కుస్తీపట్టారు. కెమెరా తయారీదారు 64 బిట్ల డ్రైవరును ఏనాడో విడిగా ఇచ్చి ఉన్నాడు; వెతికినవారే లేరు. డ్రైవర్ ఎక్కింది, మైక్రో-మేనేజర్ ఎక్కింది, చిత్రం మాత్రం రాలేదు. పరికరాల జాబితాలో వేరొక కెమెరా పేరు ఎంచుకున్నారని మూడవ రోజున తేలింది. ఆ పిమ్మట మిల్లీమీటరును నూరు భాగాలు చేసిన గాజుపలకను కటకం కింద ఉంచి, ఒక్కొక్క కటకానికి వేరువేరుగా లెక్క అమర్చారు.

తాళపత్రగ్రంథం చివర లేఖకుడు సంవత్సరం, తిథి, ఎవరికొరకు రాశాడో పేర్కొనడం తరచుగా కనిపిస్తుంది. పరిశోధకులకు ఆ నాలుగు పంక్తులే పెన్నిధి. నేను అడగగా ఆ పిల్లలు కూడా ఒక కాగితం తెలుగులో రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించారు. తేదీ, విండోస్ పేరు, డ్రైవర్ సంఖ్య, మూడు కటకాల లెక్కలు అందులో ఉన్నాయి. అడుగున ఎర్రసిరాతో ఇంకొక పంక్తి: "మొదట తప్పు కెమెరాను ఎంచుకున్నాం. మీరు చూసుకోండి."